జేబు కింది నీలం

జెజ్జిగా ఖాలా కిటికీలోంచి సముద్రం ఒక్క రోజులో పోలేదు. ఎదురుగా కొత్త మేడ లేస్తుంటే, అంతస్తుకి ఇంత చొప్పున తగ్గుతూ వచ్చింది.

మాది అల్జీరియా తీరాన బెజాయా ఊళ్ళో కొండవాలు మీది పాత మేడ. నాలుగో అంతస్తులో మెట్లకి ఇటు పక్క నేను, అటు పక్క వాళ్ళు. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. ఖాలా భర్త మొక్రాన్ దద్దా ముప్పై నాలుగేళ్ళు రేవులో మూటలు మోసి, మోకాళ్ళు మొరాయించాక ఇంట్లో కూర్చున్నాడు. పెద్దావిడని ఖాలా అనీ, పెద్దాయన్ని దద్దా అనీ మావైపు పిలుస్తాం. నా కిటికీలన్నీ కొండవైపు. సముద్రం కావాలంటే వాళ్ళింటికే వెళ్ళేదాన్ని.

సాయంత్రం నాలుగు కొట్టేసరికి ఖాలా పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడకేసి, కాఫీ కెటిలు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చేది. పక్కింటి కోడలి గురించి చెప్పినట్టు సముద్రం గురించి చెప్పేది. "ఇవాళ దీనికి పొగరుగా ఉంది." "పొద్దున్నుంచీ ముఖం ముడుచుకుని ఉంది, ఎవరేమన్నారో." నేను కాజాలు కుట్టుకుంటూ వినేదాన్ని. ఆ గంటలో మా ఇద్దరికీ వయసు ఉండేది కాదు.

ఎదురింటి మొదటి స్లాబు పడ్డాక రేవులో క్రేన్ల కాళ్ళు కనిపించడం మానేశాయి. రెండో స్లాబుకి అలల్ని ఆపే రాతికట్ట పోయింది. మూడో దానికి, లంగరు వేసుకుని తమ వంతు కోసం చూసే ఓడలు పోయాయి. ఆ తర్వాత నీళ్ళు ఆకాశంలో కలిసే గీత ఒక్కటే మిగిలింది, వేలెడు మందాన.

"తావూస్, రావే," అని ఆ రోజు ఖాలా నా తలుపు కొట్టింది. "ఇంకో రెండు రోజుల్లో ఇదీ ఉండదు."

ఇద్దరం నిలబడే కాఫీ తాగాం. సోమవారానికి అక్కడ ఇటుకలు వచ్చాయి.

మేడలో అందరూ కొత్త మేడ కట్టించినవాణ్ణి తిట్టారు. ఖాలా తిట్టలేదు. కిటికీ చెక్కలు మూసేసి, కాఫీ వంటింట్లోకి మార్చుకుంది. మాటలు తగ్గాయి. కూరలో ఉప్పు ఒక రోజు రెండుసార్లు పడేది, ఒక రోజు అసలు పడేది కాదు. దద్దా రెండూ తినేవాడు.

చలికాలం చివర్లో ఒక రోజు నేను వాళ్ళింట్లో ఉన్నాను. దద్దా పాత రేడియో విప్పుకుని కూర్చున్నాడు.

"నిన్న కల్లోకి సముద్రం వచ్చిందే," అంది ఖాలా నాతో. "అలలున్నాయి, చప్పుడుంది, ఉప్పు వాసన కూడా ఉంది. రంగే లేదు. కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది. దాని రంగు మర్చిపోతున్నానేమో అనిపిస్తోంది."

"నీలం," అన్నాడు దద్దా తలెత్తకుండానే.

"ఏ నీలం?"

"సముద్రం నీలమే. నీలంలో ఇంకేముంటుంది?"

"ముప్పై నాలుగేళ్ళు దాని పక్కనే ఉన్నావు కదయ్యా."

"పక్కనే ఉన్నాను. వీపు మీద మూట ఉంది. కాళ్ళ కింద చెక్క చూసుకోకపోతే అందులో పడేవాణ్ణి. తలెత్తి చూసే తీరిక ఎక్కడిది?"

ఖాలా కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది. దద్దా స్క్రూ డ్రైవరు పక్కన పెట్టి, మూసిన కిటికీ చెక్కలకేసి చూశాడు.

వారం తర్వాత మిట్టమధ్యాహ్నం ఉతికిన దుప్పట్లు ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళాను. అక్కడ బట్టలుతుక్కునే చిన్న గది ఒకటుంది, ఎవరూ పెద్దగా వాడరు. తలుపు సందులోంచి చూస్తే దద్దా బోర్లించిన తొట్టి మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఆయన పాత షాంఘాయ్ చొక్కా. రేవులో అందరూ వేసుకునే ఆ దళసరి నీలం చొక్కాని మా ఊళ్ళో అలాగే పిలుస్తారు. చేతిలో గోనెసంచులు కుట్టే దబ్బనం, అందులో పురికొస.

"గోనె కుడుతున్నావా దద్దా?"

"సముద్రం," అన్నాడు, గోనె అన్నంత మామూలుగా.

నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వుకో. నవ్వడం అయిపోయాక ఆ చివర పట్టుకో. మీ ఖాలాకి చెప్పావంటే మాత్రం నీ దుప్పట్లు కొండ మీదికి ఎగిరిపోతాయి."

మూడు చొక్కాలు అప్పటికే కోసేశాడు. వాటిని అడ్డపట్టీలుగా ఒకదాని కింద ఒకటి కలిపి, కిటికీ అంత పరదా చెయ్యాలని ఆయన ఆలోచన. రేవులో చిరిగిన చక్కెర సంచులకి కుట్లు వేసిన చెయ్యి. ఆ ఒక్క కుట్టే వచ్చు. పట్టీకీ పట్టీకీ మధ్య పురికొస తాడులా లేచి, గుడ్డ మీద మానిన దెబ్బ మచ్చలా కనిపించింది.

కిందికి వెళ్ళి సన్న సూదులు, నూలుదారం, మంచి కత్తెర తెచ్చాను. అంచు నుంచి వేలెడు వదిలి టాకాలు ఎలా వెయ్యాలో, వదిలిన అంచుని మడిచి పోగులు రాకుండా ఎలా అణచాలో చూపించాను. సూది బెజ్జంలో దారం ఎక్కించడానికే ఆయనకి మూడు రోజులు పట్టింది. ఆ బొటనవేళ్ళు గుర్రపు డెక్కల్లా ఉండేవి. నాలుగో రోజుకి ఎక్కించాడు. ఎక్కించి నాకేసి చూశాడు, ఓడొకటి రేవులోకి చేర్చినవాడిలా.

గుడ్డ కోస్తుంటే తెలిసింది, మేం నీలం అనుకునేది ఒక్క రంగు కాదని. చేతుల మీద వెలిసిన నీలం వేరు, వీపు మీద చెమటకి మాసిన నీలం వేరు. భుజాలు అయితే దాదాపు తెల్లగా ఉన్నాయి. మూట కూర్చున్న చోట అన్నేళ్ళూ గుడ్డ అరిగి, నురుగు రంగుకి వచ్చేసింది. ఇక గుండె మీది జేబు కుట్లు విప్పి తీస్తే, దాని కింద అరచేతంత చదరం కనిపించింది. సిరాలా చిక్కగా ఉంది. కొన్న రోజు ఆ చొక్కా అంతా అదే రంగులో ఉండి ఉంటుంది. జేబు కింద ఎండ తగలక అలాగే దాక్కుంది.

దద్దా దాన్ని వేలితో తడిమాడు. "ఇది లోతు నీళ్ళు," అన్నాడు. "ఇవి ఇంకా కావాలి."

ఇంకా కావాలంటే ఇంకా చొక్కాలు కావాలి. దద్దా కాఫీ దుకాణానికి వెళ్ళాడు. రేవులో పని మానేసిన ముసలాళ్ళంతా పొద్దుగూకేదాకా డొమినో ఆడేది అక్కడే. దుకాణంలో మొదలైన మాట మెట్లెక్కి మా ఇంటిదాకా వచ్చింది. బెలయీద్ అని దద్దా పాత జతగాడు, మూట ఎత్తి భుజాన పెట్టేవాడు, గొంతు రేవంత పెద్దది.

"ఒరేయ్, మొక్రాన్ కన్నెపిల్ల అయ్యాడు, పెళ్ళి బట్టలు కుట్టుకుంటున్నాడు," అన్నాడట.

"నీకూ ఒక రవిక కుడతాను, కొలతలియ్యి," అన్నాడట దద్దా. "ఆ పొట్టకి పట్టే గుడ్డ అల్జీరియాలో దొరికితే."

అందరూ నవ్వారు. మర్నాటి నుంచి చొక్కాలు రావడం మొదలైంది. ఒకరు సంచిలో కుక్కి, ఒకరు వార్తాపత్రికలో చుట్టి నా గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేవారు. బెలయీద్ తనవి రెండు తెచ్చాడు. "గ్రీజు మరక ఉన్నది కూడా పనికొస్తుందా?" అని అడిగాడు సిగ్గుపడుతూ. దద్దా దాన్ని వెలుగులోకి పట్టి చూసి, "నూనె ఓడ వెళ్ళిన దారి," అన్నాడు. ఊళ్ళో సగం మందికి తెలిసిపోయింది. ఖాలాకి మాత్రం తెలియదు. ఆవిడ వంటింట్లో, గోడ పలకలకేసి చూస్తూ కాఫీ తాగుతోంది.

ఫెరూజా వచ్చింది ఆ రోజుల్లోనే. ఆవిడ భర్త అక్లీ, దద్దాతో కలిసి మోసినవాడు, ఏడాది క్రితం ఛాతీ జబ్బుతో పోయాడు. చొక్కాని ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలన్నీ పెట్టి తెచ్చింది, లోపల మనిషి ఉన్నట్టు. నా చేతిలో పెట్టి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

మూడో రోజు మళ్ళీ వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నాకు నిద్ర పట్టట్లేదు తావూస్. అసలే పట్టేది కాదు, ఇప్పుడు బీరువాలో అది కూడా లేదు. ఇచ్చెయ్యవా?"

దద్దా అప్పటికే దాన్ని కోసేశాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్ళాను. అక్కడ తాడు మీద పట్టీలు వేలాడుతున్నాయి, ఏది ఎవరిదో దద్దాకి తప్ప తెలియదు. ఆయన ఫెరూజా ముఖం చూసి విషయం గ్రహించాడు. క్షమించమని అనలేదు. తాడు మీద వెతికి, జేబు కింది చదరం ఉన్న ముక్క తీసి ఆవిడ చేతికిచ్చాడు.

"ఇది అక్లీది. జేబు కింద ఉండింది."

ఫెరూజా దాన్ని ముక్కుకి ఆనించుకుంది. తర్వాత వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. "పెళ్ళయిన కొత్తలో ఇంటికొచ్చేవాడు, ఈ రంగులో," అంది. "ఎప్పుడు పోయిందో నాకే తెలీలేదు. రోజూ ఉతికింది నేనే."

ముక్క వెనక్కి తీసుకెళ్తుందనుకున్నాను. ఆవిడ సూది అడిగింది. తొట్టి పక్కన నేల మీద కూర్చుని, ఆ పట్టీ తనే కుట్టింది. కళ్ళు సరిగా కనపడక టాకాలు వంకర పోయాయి. దద్దా వాటిని సరిచెయ్యలేదు.

పరదా పూర్తయ్యేసరికి వసంతం సగం గడిచింది. పైన కడ్డీకి తగిలించే ఉచ్చులు పెట్టాం. చొక్కాల గుండీలన్నీ కింది అంచు మడతలో వేసి కుట్టేశాం, గాలికి ఎగిరి పోకుండా బరువుంటుందని. గురువారం ఖాలా ఊరుమ్మడి స్నానశాలకి వెళ్ళిన సమయం చూసి, బెలయీద్ మేకులు కొట్టాడు, దద్దా తగిలించాడు, నేను కిటికీ చెక్కలు తెరిచాను.

ఎదురింటి గోడ మాయమైంది. వెలుగు గుడ్డలోంచి వడకట్టినట్టు దిగి గది నీలమైంది. బెలయీద్ గడ్డం నీలమైంది. ముగ్గురం నీళ్ళ అడుగున నిలబడ్డట్టు నిలబడ్డాం. గాలి వచ్చినప్పుడల్లా గుడ్డ ఊపిరి తీసి వదిలింది, అంచులో గుండీలు గులకరాళ్ళలా గలగలమన్నాయి.

ఖాలా తల తువ్వాలుతో చుట్టుకుని, ఎర్రబడ్డ బుగ్గలతో వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. బకెట్టు కింద పెట్టలేదు.

"ఏంటిది?" అంది చివరికి.

"సముద్రం," అన్నాడు దద్దా.

"ఎవరు చెప్పారు?"

బెలయీద్ సుత్తి జేబులో పెట్టుకుని మెల్లగా మెట్లవైపు జారుకున్నాడు.

ఖాలా దగ్గరికి వచ్చింది. "ఈ ముదురుది పైన పెట్టావేంటి? పొద్దున పూట గీత దగ్గర ముదురుగా ఉంటుంది, నిజమే. నాలుగింటికి ఉండదు. నాలుగింటికి అక్కడ పాల మీద తొరకలా ఉంటుంది. ఈ నురుగు మధ్యలో ఎందుకుంది? అక్కడ రాళ్ళున్నాయా? నురుగు కట్ట దగ్గర కదా. ఈ రెండూ పక్కపక్కన ఎప్పుడూ ఉండవయ్యా, వీటికి పడదు."

దద్దా ముఖం చూడలేకపోయాను. రెండు నెలలు కళ్ళు పొడుచుకుని కుట్టిన మనిషి.

"తావూస్, కత్తెర తే," అంది ఖాలా.

కోపంతో కోసేస్తుందేమో అనుకున్నాను. ఆవిడ పరదా దింపించి, నేల మీద పరిచి, దాని మీదే బాసింపట్టు వేసుకుని, పై కుట్టు నుంచి ఒక్కో టాకా విప్పడం మొదలుపెట్టింది. దారం ముక్కలు పళ్ళతో లాగి ఉమ్మేసింది. ఎన్నో నెలల తర్వాత ఆవిడ గొంతులో ఆ పాత హడావిడి వినిపించింది.

"అలా నిలబడ్డావేంటి మనిషీ? కూర్చో. కుట్టేది నువ్వే. నేను చెప్తాను."

అలా రెండోసారి మొదలైంది. ఖాలా చెప్పేది, దద్దా కుట్టేవాడు. ఆయన చెయ్యి ఇప్పుడు నా చెయ్యికి తీసిపోదు. ఆవిడ కళ్ళు మూసుకుని, కిటికీలో కూర్చుని చూసిన ముప్పై ఏళ్ళలోంచి ఒక్కో రోజునీ తీసుకొచ్చి గుడ్డ మీద పెట్టేది. పొగమంచు పట్టి ఓడలు గుడ్డివాళ్ళలా ఒకదాన్నొకటి పిలుచుకున్న రోజు. సార్డీను చేపల కోసం వందల దీపాలు వరసగట్టిన వేకువ. ఎండాకాలం మధ్యాహ్నం సముద్రం పడుకుని, పక్క మీద తిరగడానికి కూడా బద్ధకించే గంట.

"గోధుమ రంగు పట్టీ ఒకటి కావాలి," అంది ఒక రోజు.

"గోధుమ రంగు సముద్రమా?"

"పెద్ద వానలకి ఏరు కొండమట్టి అంతా మోసుకొచ్చి కలుపుతుంది కదా. వారం రోజులు అలాగే ఉంటుంది. అది కూడా అదే. మంచి రోజులే కుడతావా ఏంటి?"

దద్దా లేచి వెళ్ళి తన పాత కచాబియా, చలికి వేసుకునే ఉన్ని అంగీ, తెచ్చాడు. దాని అంచులోంచి సన్న పట్టీ ఒకటి కోశారు. నీలాల మధ్య ఆ మట్టిరంగు వచ్చాక, మిగతా గుడ్డంతా తడిసినట్టు కనిపించింది.

"రేవులో నన్ను చూసేదానివా?" అని దద్దా ఒకసారి అడిగాడు, సూది మీంచి కళ్ళెత్తకుండా.

"ఎలా కనిపిస్తావు? అందరూ చీమలే. రోజూ ఒక చీమని నువ్వనుకునేదాన్ని. అది ఇంటికెళ్ళేదాకా చూసేదాన్ని." కాసేపాగింది. "ఒకసారి ఓడలో సరుకు ఉండగానే క్రేను నీడలో పడుకుని నిద్రపోయావు. బాగా తిట్టుకున్నాను."

"అది నేను కాదు."

"అయితే ఏం? ఆ రాత్రి కూరలో మిరపకాయలు తిన్నది నువ్వే కదా."

ఆయన భుజాలు కదిలాయి. ఆయన నవ్వడం అంతవరకే.

జులైలో పరదా మళ్ళీ కిటికీకి ఎక్కింది. ఈసారి ఖాలా కాఫీ కెటిలు తెచ్చి కిటికీ దగ్గర పెట్టింది. అంతే.

ఆ వేసవిలో ఆ గదికి ఒక గుణం పట్టుకుంది. మధ్యాహ్నం ఎవరొచ్చి కూర్చున్నా నిద్రపోయేవారు. ఫెరూజా చిక్కుడుకాయలు ఒలుస్తూ ఒలుస్తూ, కాయ చేతిలో ఉండగానే గోడకి ఒరిగి, నోరు తెరుచుకుని రెండు గంటలు నిద్రపోయింది. ఖాలా ఎవర్నీ గట్టిగా మాట్లాడనివ్వలేదు. లేచాక ఫెరూజా సిగ్గుపడి, మర్నాడు మళ్ళీ వచ్చింది. బెలయీద్ మేకులు ఊడాయేమో చూస్తానని వచ్చి, చూడకుండానే గురకపెట్టాడు. నేనూ ఒకసారి కాజా మధ్యలో కళ్ళు మూశాను. కల్లో మా మేడ మెల్లగా కొండ దిగింది. డాబా మీద ఆరేసిన దుప్పట్లు తెరచాపల్లా నిండాయి. ఎవరూ కంగారుపడలేదు. మెళకువ వచ్చేసరికి సూది వేళ్ళ మధ్యే ఉంది, గుండీలు గలగలమంటున్నాయి, ఖాలా నా వైపు చూసి, "ఎక్కడిదాకా వెళ్ళావు?" అని అడిగింది.

ఆ జులైలోనే ఎదురింట్లో మనుషులు దిగారు. రెండు మేడల మధ్య సందు ఎంతంటే, చెయ్యి చాస్తే అందదు కానీ మాట అందుతుంది. మా అంతస్తుకి ఎదురుగా వాళ్ళ వంటిల్లు. దిహియా అని కొత్త కోడలు, ఇరవై రెండేళ్ళుంటాయి.

"ఖాలా, మీ పరదా..." అని ఒక రోజు ఆ కిటికీలోంచి పిలుపు వచ్చింది.

ఖాలా వినిపించనట్టు కూర్చుంది. "ఆ మేడవాళ్ళతో నాకు మాటల్లేవు," అంది నాతో, అవతలికి వినపడేంత నెమ్మదిగా.

"మీవైపు చాలా బాగుండి ఉంటుంది," అంది ఆ అమ్మాయి, ఏమాత్రం నొచ్చుకోకుండా. "నావైపు కుట్లూ మడతలే కనిపిస్తున్నాయి. అయినా గిన్నెలు తోముతూ దాన్నే చూస్తుంటాను."

ఖాలా పరదా తప్పించి తల బయట పెట్టింది. "నిజం సముద్రం నీ దగ్గరే ఉంది కదే. నా ముందు నుంచి తీసుకెళ్ళి నీ గుమ్మంలో పెట్టుకున్నారు. మళ్ళీ నా గుడ్డ మీద కూడా కన్నా?"

"అది వరండాలోంచి కనిపిస్తుంది ఖాలా. వరండాలో మా అత్తగారు కూర్చుంటారు. నేనుండేది ఇక్కడ."

ఖాలా కాసేపు ఆ అమ్మాయి చేతుల మీది సబ్బునురగ చూసింది. పరదా వదిలేసింది.

మర్నాడు పొద్దున్నే పరదా మళ్ళీ నేల మీద ఉంది. వెనకవైపు మడతలన్నీ లోపలికి దూర్చి, రెండువైపులా ఒకేలా కనపడేట్టు అణచి కుట్టాలట.

"ఆ పిల్ల కోసమా?" అన్నాడు దద్దా.

"ఎవరి కోసమూ కాదు. పని మోటుగా ఉంది, నాకు నచ్చలేదు. నువ్వు మాట్లాడకుండా దారం ఎక్కించు."

పది రోజులు పట్టింది. తగిలించిన రోజు అవతలి వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. సాయంత్రం దిహియా మా మెట్లెక్కి వచ్చింది, పళ్ళెంలో వేడి రొట్టె, గిన్నెలో ఆలివ్ నూనె పట్టుకుని. అత్తగారు అంజూరాల కోతకి పల్లెకి వెళ్ళిందనీ, ఎప్పుడైనా నాలుగింటికి రమ్మనీ పిలిచింది. ఖాలా రొట్టె తీసుకుంది, రానంది. ఆమె పౌరుషం నాకు తెలుసు, నేను బతిమాలలేదు.

ఖాలాని కదిలించింది పౌరుషం కంటే పెద్ద మొండితనం. శరదృతువు మొదటి రోజుల్లో సముద్రం ఏ రంగులో ఉంటుందన్న దాని మీద మొగుడూ పెళ్ళాలకి తగువు వచ్చింది. ఆవిడ బెలయీద్ చొక్కా చెయ్యి రంగు అంది. కుట్టీ కుట్టీ దద్దాకి ఇప్పుడు సొంత అభిప్రాయాలు వచ్చేశాయి, ఆయన అక్లీ వీపు అన్నాడు. మూడు రోజులు వాదించుకున్నారు. నాలుగో రోజు ఖాలా చున్నీ కప్పుకుంది.

"పద తావూస్. ఈ మనిషికి కళ్ళతో చూపిస్తే గానీ బుద్ధి రాదు."

నాలుగంతస్తులు దిగి, సందు దాటి, నాలుగంతస్తులు ఎక్కాం. దద్దా మోకాళ్ళ కోసం ప్రతి మలుపులోనూ ఆగాం. ఆయన మోచేతి మీద పరదాకి పోగా మిగిలిన ఆరు గుడ్డ పట్టీలు వేలాడుతున్నాయి. దిహియా తలుపు తీసి, అత్తగారు ఇంకా పల్లెలోనే ఉందని చెప్పి, వరండాలోకి నడిపించింది.

అక్కడ ఉంది అది, మొత్తం. క్రేన్లు, కట్ట, ఓడలు, గీత.

ఖాలా ఒక్క నిమిషం పిట్టగోడ పట్టుకుని నిలబడింది. తర్వాత పట్టీలు ఒక్కోటీ తీసి, చెయ్యి చాచి నీళ్ళకి ఎదురుగా పట్టింది. గాలికి అవి ఆవిడ మణికట్టుకి చుట్టుకున్నాయి. బెలయీద్ చెయ్యి కలవలేదు. అక్లీ వీపూ కలవలేదు. ఆరింటిలో ఒక్కటీ కలవలేదు.

"ఏదీ కాదు ఖాలా," అంది దిహియా భయంభయంగా.

"ఇవాళ దానికి ఒంట్లో బాలేదు," అంది ఖాలా నిదానంగా. "మా ఇంట్లోదే సరిగ్గా ఉంది."

దిహియా ఇచ్చిన కాఫీ సగం తాగింది. పొయ్యి మీద గింజలున్నాయని గుర్తొచ్చి లేచింది. "పదవయ్యా."

దద్దా కదల్లేదు. రెండు చేతులూ పిట్టగోడ మీద పెట్టి నిలబడి ఉన్నాడు. అన్నేళ్ళ మూటలకి వంగిన వీపు, నేను చూస్తుండగా కొంచెం నిటారుగా అయినట్టనిపించింది.

"నువ్వు పద," అన్నాడు. "ఇదంతా కదుల్తోందే."

"ముప్పై నాలుగేళ్ళూ కదలకుండా ఉందనుకున్నావా?"

ఖాలా ఒక క్షణం ఆయన్నీ, సముద్రాన్నీ మార్చి మార్చి చూసి, నా భుజం పట్టుకుని మెట్లు దిగింది. ఇంటికొచ్చి గింజలు కలిపి, మంట తగ్గించి, పరదా ముందు కూర్చుంది. నేను అక్కడే కాజాలు మొదలుపెట్టాను. ఫెరూజా అప్పటికే మూల పరుపు మీద నిద్రపోతోంది.

గంట తర్వాత దద్దా వచ్చాడు. చెప్పులు విప్పి, ఖాలా పక్కన కూర్చున్నాడు. కాసేపు గుడ్డని చూశాడు.

"వల పడవలు రెండు వచ్చాయి," అన్నాడు. "వాటి వెనక పక్షులు. తర్వాత ఎండ వాలింది. ఒకచోట నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. నేనెప్పుడూ చూడలేదు. నీలం కాదు అసలు."

"ఎక్కడ?"

"కుడి పక్క. కట్ట దాటాక."

"అవును," అంది ఖాలా, కెటిల్లో మిగిలిన కాఫీ ఆయన కప్పులోకి వంచుతూ. "అక్కడ అలాగే ఉంటుంది."